జర్నల్ ఎడిటర్ పోస్టుకు దరఖాస్తు చేయొచ్చా?

సందేహం: అమెరికాలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి రెండేళ్లయింది. హెచ్1బీ మీద ఉన్నాను. పత్రికల చరిత్ర నా సబ్జెక్టు. ఒక మీడియా హిస్టరీ జర్నల్ కొత్త ఎడిటర్ కోసం దరఖాస్తులు పిలిచింది. మా గైడ్ వేయమంటున్నారు. వేయొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. టెన్యూర్ (యూనివర్సిటీలో శాశ్వత ఉద్యోగ హోదా) వచ్చాక మాత్రం తప్పకుండా వేయండి.

ఈ రంగంలో పేరున్న జర్నళ్లు కొన్నే. 1974లో మొదలైన ‘జర్నలిజం హిస్టరీ’, అమెరికన్ జర్నలిజం హిస్టారియన్స్ అసోసియేషన్ నడిపే ‘అమెరికన్ జర్నలిజం’, 1981 నుంచి వస్తున్న ‘హిస్టారికల్ జర్నల్ ఆఫ్ ఫిల్మ్, రేడియో అండ్ టెలివిజన్’, ‘మీడియా హిస్టరీ’ లాంటివి. ఏ వ్యాసాన్ని రివ్యూకు, అంటే అదే రంగంలోని నిపుణుల పరిశీలనకు పంపాలి, దేన్ని చూడగానే తిప్పి పంపాలి అన్నది ఎడిటర్ చేతిలో ఉంటుంది. అమెరికా, యూరప్ దాటిన చరిత్రల విలువ తెలిసినవాళ్లు ఆ కుర్చీలో కూర్చోవాలని నాకు చాలా కోరిక. మీ గైడ్ ఉద్దేశం కూడా అదే అయివుంటుంది.

కానీ ఆ పనికి పట్టే సమయం బయటివాళ్లకు కనిపించదు. ఒక వ్యాసానికి ఇద్దరు రివ్యూయర్లు దొరకాలంటే ఐదారుగురిని అడగాల్సి రావచ్చు. తీరా ఒకరు ‘చిన్న మార్పులతో వేసుకోండి’ అంటారు, ఇంకొకరు ‘ఆర్కైవ్ ఆధారాలే లేవు, పనికిరాదు’ అంటారు. ఆ రెండు నివేదికలనూ అలాగే రచయితకు పంపేస్తే ఎడిటర్ ఎందుకు? వ్యాసం తనూ పూర్తిగా చదివి, రెండో రివ్యూయర్ చెప్పిన ఏ అభ్యంతరానికి తప్పక జవాబివ్వాలో, దేన్ని వదిలేయొచ్చో ఉత్తరంలో విడమరిచి రాయాలి. ఆ ఒక్క ఉత్తరానికే ఒక పూట పోతుంది. అవతల రచయిత కూడా మీలాగే టెన్యూర్ టెన్షన్‌లో ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేయడానికీ లేదు.

మీ టెన్యూర్ ఫైలు మామూలుగా ఆరో ఏడు చూస్తారు. పరిశోధనకు ప్రాధాన్యమిచ్చే యూనివర్సిటీల్లో ఎడిటర్ పనిని ‘సర్వీసు’ కింద రాసుకుంటారు, మీ పుస్తకానికి, వ్యాసాలకు అది బదులు కాదు. అందుకే ఈలోపు రివ్యూయర్‌గా మంచి పేరు తెచ్చుకోండి. గడువులోపు, మర్యాదగా, వివరంగా రిపోర్టు రాసేవాళ్లను ఏ ఎడిటరూ మరిచిపోరు. తర్వాత బుక్ రివ్యూ ఎడిటర్ అవకాశం వస్తే తీసుకోండి. రంగంలో ఎవరు ఏం రాస్తున్నారో తెలుసుకోవడానికి అంతకు మించిన చోటు లేదు.

వీసా సంగతీ చూసుకోవాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, పిటిషన్ వేసిన యజమాని దగ్గర తప్ప బయట డబ్బు తీసుకుని పని చేయకూడదు. కొన్ని జర్నళ్లు ఎడిటర్‌కు ఏటా కొంత గౌరవ వేతనం ఇస్తాయి. చిన్న మొత్తమే కదా అని ఊరుకోవద్దు. ఒప్పుకునే ముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును ఈమెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి.

ఇప్పటికే టెన్యూర్ ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఇంకో మాట. దరఖాస్తులో సాధారణంగా సీవీ, జర్నల్‌ను ఎటు తీసుకెళ్తారో చెప్పే లేఖ, మీ సంస్థ ఇచ్చే మద్దతు లేఖ అడుగుతారు. మనవాళ్లు మొదటి రెండూ బ్రహ్మాండంగా రాస్తారు. మూడో దాని దగ్గరకొచ్చేసరికి మొహమాటం. చెయిర్‌ను (శాఖాధిపతిని) అడిగితే ఏమనుకుంటారో అని, ‘శాఖ ప్రోత్సహిస్తోంది’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటారు. అడగనిదే అమ్మైనా పెట్టదు. ఏటా ఒక కోర్సు తగ్గిస్తారా, ఎడిటోరియల్ పనికి ఒక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌ను ఇస్తారా, ఎడిటర్‌గా ఉన్నన్నాళ్లూ ఇస్తారా, మొదటి ఏడాదికేనా, ఇవన్నీ లేఖలో ఉండాలి. చెయిర్ మారితే నోటిమాట చెల్లదు. ఇక్కడ ఇలా అడగడం పొగరు కింద లెక్క కాదు. ఎంపిక కమిటీ కూడా ఆ లేఖ కోసమే చూస్తుంది, ఎందుకంటే ఎడిటర్ మధ్యలో చేతులెత్తేస్తే ఇబ్బంది పడేది జర్నలే.

మీ లేఖలో పెద్ద పెద్ద ఆశయాలకన్నా చేయగల పనులు రాయండి. ఏ అంశం మీద ప్రత్యేక సంచిక తెస్తారు, కొత్త రివ్యూయర్లను ఎక్కడ వెతుకుతారు, ఇంగ్లిష్ సాఫీగా లేకపోయినా సరుకున్న వ్యాసాన్ని ఎలా నిలబెడతారు, అన్నవి చెప్పండి. గత మూడేళ్ల సంచికలు తిరగేసి, ఏ కాలం, ఏ ప్రాంతం, ఏ మాధ్యమం కనిపించలేదో ముందు మీరే చూసుకోండి. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చే అవకాశం ఎక్కువ.

దరఖాస్తు వేసేముందు దిగిపోతున్న ఎడిటర్‌తో ఒకసారి మాట్లాడండి. ఏటా ఎన్ని వ్యాసాలు వస్తున్నాయి, ఒప్పుకుని ఇంకా వేయనివి ఎన్ని ఉన్నాయి, చేతులు మారేటప్పుడు కొంతకాలం పక్కన ఉండి నేర్పిస్తారా అని అడగండి. ఒప్పుకున్న వ్యాసాలే రెండేళ్లకు సరిపడా పేరుకుని ఉంటే, మీరు వేద్దామనుకున్న ప్రత్యేక సంచికకు అంతవరకూ చోటు దొరకదు. అది తెలిశాకే మీ లేఖ రాయడం మొదలుపెట్టండి.