మెడ నొప్పి బొటనవేలి దాకా దిగితే..

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేస్తాను. రెండు నెలలుగా మెడ గుంజుతోంది. నొప్పి ఎడమ చేతిలోకి దిగి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఎక్స్‌రే చూసి మెడ ఎముకలు అరిగాయన్నారు. పట్టీ వేసుకోవాలా? ఆపరేషన్ తప్పదా?

జవాబు: ‘అరిగాయి’ అన్న మాటకు బెదరకండి. నలభై దాటాక నొప్పి లేనివారి ఎక్స్‌రేలోనూ అరుగుదల కనిపిస్తుంది. అసలు గుట్టు మీరు చెప్పిన ఆ రెండు వేళ్లలో ఉంది. మెడలోని 7 పూసల్లో ఐదు, ఆరు పూసల మధ్య నుంచి వచ్చే నరం అటే వెళ్తుంది. అక్కడ పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బినా, ఎముక పెరిగినా నరం నలుగుతుంది. నడిమివేలికి తిమ్మిరి వస్తే దాని కింది నరాన్ని అనుమానిస్తాం. ఎడమ చేతిని నెత్తిమీద పెట్టుకుని చూడండి. నొప్పి తగ్గితే మెడ నరమేననడానికి అది మంచి ఆనవాలు. నడిచినప్పుడు చెయ్యి లాగి, ఛాతీ బరువెక్కితే మాత్రం ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించండి.

తల బరువు దాదాపు 5 కిలోలు. మగ్గం మీదికి వంగినంతసేపూ మెడ వెనుక కండరాలే దాన్ని ఆపాలి. అందుకే అరగంటకోసారి లేవండి. గోడకు వీపు ఆనించి, గడ్డం పైకెత్తకుండా, దించకుండా తలను నేరుగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలా చేయండి. చేతి నొప్పి తగ్గి మెడ దగ్గరే మిగిలితే అది మంచి మార్పే. తిమ్మిరి పెరిగితే ఆపేయండి.

దిండు ఒక్కటే చాలు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజానికీ చెవికీ మధ్య సందు నిండేంత ఎత్తుండాలి. పట్టీ వారం మించి వద్దు, కండరాలు బలహీనపడతాయి. కటింగ్ షాపులో మెడ విరిపించుకోవడం అసలే వద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చీలి పక్షవాతం రావచ్చు. నొప్పి గోలీలు వారాల తరబడి సొంతంగా కొని వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇలాంటి నరం నొప్పి ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మీకు ఇప్పటికే రెండు నెలలైంది కాబట్టి ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆర్థో (ఎముకల) డాక్టర్‌కు చూపించుకోండి. చేతి బలం పరీక్షించి, ఎంఆర్ఐ అవసరమా కాదా ఆయన తేలుస్తారు. ఈలోగా తెగిన పోగు అతకడానికో, చొక్కా గుండీలు పెట్టుకోవడానికో వేళ్లు సహకరించకపోయినా, నడకలో తూలినా, మూత్రం మీద అదుపు తప్పినా వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.