ఎంబీఏ చెయ్ పాపా, నిద్ర మాత్రం అమ్ముకోబాక

పాపా,

మీ అమ్మ నిన్న పొద్దున్నే ఫోన్ చేసి "అన్నా, పాప మళ్ళీ చదువుతాదంట, ఎంబీఏ అంట, విమానం తోలేదానికి ఇంక చదువెందుకు, నువ్వన్నా చెప్పు" అనింది. ఫోన్ పెట్టేసినాక చానాసేపు వరండాలోనే కూర్చున్నా. ఇరవై ఎనిమిదేళ్ళకే రేపటి సంగతి ఆలోచిస్తుండావే అని ఒక పక్క గర్వం, ఆ వీకెండ్ క్లాసుల మాట వినేసరికి ఇంకో పక్క కడుపులో తిప్పింది. ఫోన్లో అయితే నేను కోప్పడతా, నువ్వు "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తుండా.

చెయ్యి. ముందు ఆ మాట చెప్పేస్తా, మీ అమ్మకి కూడా అదే చెప్పినా.

ఎందుకు చెయ్యమంటుండానో నీకు తెలుసు. నాకు యాభై ఒకటో ఏట ఒకే ఒక్కసారి ఫిట్స్ వచ్చింది, ఆ తర్వాత ఈరోజు దాకా మళ్ళీ రాలేదు, కానీ పైలట్‌గా ఎగరనిచ్చే మెడికల్ సర్టిఫికెట్ ఆ రోజే పోయింది. అరవై అయిదు దాకా ఎగరొచ్చు అని రూలు ఉండొచ్చు పాపా, ఆ రూలు మన వొళ్ళుకి తెలియదు కదా. వొళ్ళు బాగున్నా కంపెనీ బాగుండాల. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్లో జెట్, 2023 మేలో గో ఫస్ట్, ఒక్కోటి ఆగిపోయినప్పుడు వందలమంది పైలట్లు ఒకేసారి ఉద్యోగాల కోసం రోడ్డు మీదికొచ్చారు, అందరి చేతిలో ఉండేది అవే గంటలు, అదే లైసెన్సు. 2020లో రెండు నెలలు దేశంలో ప్యాసింజర్ విమానమే ఎగరలేదు, అప్పుడు నువ్వు ఇంకా ట్రైనింగ్‌లోనే ఉండావు, మీ నాయన రాత్రిళ్ళు నాకు ఫోన్ చేసి లోన్ సంగతి ఏంది బావా అని అడిగేవాడు.

సరే, చదువు సంగతికి వస్తా. నువ్వు ఇంటర్ అయిపోగానే ఫ్లయింగ్‌కి పోయినావు. సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చాలు, 200 గంటలు ఎగిరితే లైసెన్సు. ఎంబీఏకి అట్ట కాదు, ముందు డిగ్రీ ఉండాల. ఎవడో నీకు "మీ ఫ్లయింగ్ అనుభవమే డిగ్రీ కింద లెక్క, ఏడాదిలో ఎంబీఏ" అన్నాడంటగా, వాడికి ఒక్క రూపాయి కట్టబాక. రేపు యాడన్నా సర్టిఫికెట్లు వెరిఫై చేసేవాళ్ళు మొట్టమొదట అడిగేది డిగ్రీ యాడమ్మా అని. ఇగ్నోలోనో, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో బీకామో బీబీఏనో కట్టు, మూడేళ్ళు పడతాది, పట్టనీ. యూజీసీ వాళ్ళ లిస్టులో ఆ కోర్సు పేరు ఆ ఏడాదికి ఉందో లేదో నీ కళ్ళతో చూసుకో. నేను ఫ్లయింగ్‌కి పోతానంటే మా నాయన జవహర్ భారతిలో బీఎస్సీ పూర్తి చేసినాకే బయలుదేరు అన్నాడు, మూడేళ్ళు వేస్ట్ అని ఆ రోజుల్లో ఏడ్చినా, ఆ కాగితమే తర్వాత అక్కరకొచ్చింది.

అహ్మదాబాద్ ఐఐఎంలో ఏడాది కోర్సు, హైదరాబాద్ ఐఎస్‌బీలో ఏడాది కోర్సు అని నీ మనసులో ఉందని మీ అమ్మ చెప్పింది. మంచివే. కానీ అవి ఫుల్ టైమ్, ఉద్యోగం ఆపి పోవాల. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతేనే మనల్ని ప్యాసింజర్లతో ఎగరనివ్వరు, ఆర్నెల్లకోసారి సిమ్యులేటర్‌లో చెక్ ఉండనే ఉంది, ఏడాది పోయి వస్తే మళ్ళీ అన్నీ మొదటి నుంచి తిప్పుకోవాల, పైన లోన్ కంతులు. అది నలభై దగ్గర ఆలోచించు, అప్పటికి కెప్టెన్ నాలుగు చారలు ఉంటాయి భుజం మీద.

ఏం చదవాలి అంటే, మార్కెటింగ్ పక్కన పెట్టి ఖర్చుల లెక్కలు గట్టిగా పట్టుకో. ఇది నీకు ఎవరూ నేర్పక్కర్లేదు, అల్లూరులో రొయ్యల గుంట గట్టు మీద పెరిగినదానివి. మీ నాయన కిలో రొయ్యకి మేత ఎంత, కరెంటు ఎంత, సీడ్ ఎంత అని పంట తీసేముందు రాసుకుంటాడే, విమానం కంపెనీ వాళ్ళు ఒక సీటు ఒక కిలోమీటరు పోయేదానికి ఎంత అని రాసుకుంటారు, దాన్నే కాస్క్ అంటారు. గుంటకి మేత ఎట్టనో విమానానికి ఆయిల్ అట్ట, మన దేశంలో ఖర్చులో ఇంచుమించు మూడో వంతు దానిదే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. విమానం అద్దె డాలర్లలో కట్టాల, టికెట్ డబ్బులు రూపాయల్లో వస్తాయి. రొయ్య బాగా పెరిగి కూడా రేటు పడిపోయిన ఏడాది మీ నాయన మొహం ఎట్ట ఉండిందో గుర్తు తెచ్చుకో, విమానాలన్నీ నిండుగా పోతున్నా కంపెనీ ఎందుకు మునుగుతుందో నీకు ఇట్టే అర్థమైపోతాది. ఎవరికి ఏ రోజు డ్యూటీ అని రోస్టర్ వేసేవాళ్ళు, సేఫ్టీ వాళ్ళు, ట్రైనింగ్ వాళ్ళు, ఆ కుర్చీల్లో కాక్‌పిట్ తెలిసినవాళ్ళు కూర్చోవాల పాపా, నువ్వు కూర్చోవాల.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెప్తా. ఇది మీ అమ్మకి తెలియదు, మీ అత్తకి సగం తెలుసు.

నేనూ ఎంబీఏలో చేరినా. 2003లో, నలభై నాలుగేళ్ళప్పుడు, దూరవిద్యలో. రెండు సెమిస్టర్లు పాసైనా కూడా. మూడో సెమిస్టర్‌లో ఒక అసైన్‌మెంట్ ఆఖరి తేదీ దగ్గర పడింది, హోటల్ రూములో రాత్రి ఒంటిగంటన్నర దాకా కూర్చుని రాసినా, పొద్దున నాలుగుంపావుకి డ్యూటీకి కారు పిక్-అప్. ఆ పొద్దున నేను ఫోన్ తీసి "నిద్ర చాల్లేదు, అన్‌ఫిట్" అని ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. కాఫీ తాగి పోయినా.

మూడో సెక్టార్, అంటే ఆ రోజు మూడో ఫ్లయిట్, బేగంపేటకి దిగుతుండాం. కింద నుంచి విమానాలకి దారి చెప్పే ఏటీసీ తొమ్మిది వేల అడుగులకి దిగమన్నాడు, పక్కనున్న కో-పైలట్ తొమ్మిది అనే తిరిగి చెప్పాడు, నా చెవిలో కూడా తొమ్మిదే పడింది, నా చెయ్యి మాత్రం ఎత్తు పెట్టే నాబ్‌ని ఏడుకి తిప్పింది. ఎందుకు ఏడు అంటే ఈరోజుకీ నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లోడు కూడా అలవాటుగా "చెక్డ్" అన్నాడు, వాడిదీ అదే పొద్దున లేచిన కన్ను. తొమ్మిది దాటి నాలుగు వందల అడుగులు కిందికి పోయినాక వాడే చూసి "కెప్టెన్, తొమ్మిది కదా" అన్నాడు, అప్పటికే తెర మీద పసుపు చుక్క, మన కిందనే ఇంకో విమానం. ఆటోపైలట్ తీసేసి పైకి లాగినా. వెనకాల వందమందికి పైగా కూర్చోనుండారు, వాళ్ళకేం తెలియదు, ఏటీసీ నుంచి ఒక్క మాట రాలేదు, మెత్తగా దిగినాం, అందరూ థ్యాంక్స్ చెప్పి దిగిపోయినారు.

పార్కింగ్‌లో ఇంజిన్లు ఆపినాక వాడు అడిగాడు, "సార్, రిపోర్ట్ రాద్దామా?" అని. పాతికేళ్ళ పిల్లోడు. నేను అన్నా, "ఎందుకులే, ఏం కాలేదు కదా."

ఆ మాట పాపా. అంకె తప్పు తిప్పడం అలసిపోయిన ఎవరికైనా జరగొచ్చు, ఆ మాట మాత్రం నేను మెలకువగా ఉండి అనింది.

ఆ వారమే కావలికి వచ్చి ఎంబీఏ పుస్తకాలన్నీ ట్రంకు పెట్టెలో పడేసి అటక మీద పెట్టేసినా. మీ అత్త అడిగితే టైం చాలడం లేదు అన్నా. నాకు నేను ఏం చెప్పుకున్నానంటే, ఈ చదువు వల్లే కదా ఇట్ట అయింది అని. చదువు ఏం చేసింది పాపం, నిద్ర దొంగిలించింది నేను, దాచిపెట్టింది నేను, శిక్ష పుస్తకాలకి వేసినా. ఆరేడేళ్ళకి మెడికల్ పోయినప్పుడు ఒక ట్రైనింగ్ సెంటర్‌లో పెద్ద ఉద్యోగం ఖాళీ ఉంటే పోయినా, పీజీ ఉందా అని అడిగారు, రెండు సెమిస్టర్లు అని చెప్పినా, అయితే గ్రౌండ్ క్లాసులు చెప్పండి అన్నారు. పదేళ్ళు నావిగేషన్, మెటియరాలజీ చెప్పినా. పిల్లలు బాగా ప్రేమగా ఉండేవాళ్ళు, అది అబద్ధం కాదు, కానీ పైన విమానం శబ్దం వస్తే క్లాస్ మధ్యలో ఆగిపోయేవాణ్ణి. 2022 డిసెంబర్‌లో కొరిశపాడు హైవే మీద ఎయిర్ ఫోర్స్ వాళ్ళు ట్రయల్ వేసినప్పుడు నన్ను కారేసుకుని తీసుకుపోయింది మీ నాయనే కదా, విమానాలు రోడ్డు మీదికి కిందికంటా వచ్చి మళ్ళీ పైకి లేస్తుంటే నేను కళ్ళు తుడుచుకోవడం చూసి ఏమీ అడగలేదు ఆయన.

ఇంకొకటి ఉంది. 2011లో మద్రాస్ ఎయిర్‌పోర్టులో ఆ పిల్లోడు కనిపించాడు, అప్పటికి వాడూ కెప్టెన్. పక్కకి పిలిచి ఆ రోజు నేను తప్పు చేసినానయ్యా, రాయనివ్వాల్సింది అని చెప్పినా. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మీరు చెప్పినట్టే నేనూ చాలా ఏళ్ళు ఏదీ రాయలేదు సార్. అట్టనే చెయ్యాలేమో అనుకున్నా."

అందుకే నాకు ఆ వీకెండ్ క్లాసుల మాట వింటే భయం వేసింది. వారంలో 48 గంటల రెస్ట్ వస్తుంది కదా మామా, అందులో క్లాసులు పెట్టుకుంటా అని మీ అమ్మతో అన్నావంట. ఇంతకుముందు 36 ఉండేది, దాన్ని 48 చేసేదానికి ఎంతమంది ఎన్నేళ్ళు కొట్లాడితే అయిందో నీకు తెలియదా? అది పడుకునేదానికి ఇచ్చింది, అందులో ఒక రాత్రి కూడా పుస్తకానికి ఇవ్వబాక. కోప్పడతుండా అనుకోబాక తల్లీ, చిన్నప్పుడు మిద్దె మీద నా పక్కన పడుకుని విమానం లైట్లు లెక్కపెడతా లెక్క మధ్యలోనే నిద్రపోయేదానివి, ఆ నిద్ర నీకు ఇప్పుడూ కావాల.

ఇగ్నో ఎంబీఏ రెండేళ్ళలో చెయ్యొచ్చు, నాలుగేళ్ళ దాకా సాగదీసుకోవచ్చు కూడా, నువ్వు సాగదియ్యి. టర్మ్‌కి తక్కువ పేపర్లే పెట్టుకో. పరీక్షలకి యాన్యువల్ లీవ్ ముందే పెట్టు, రోస్టర్ వాళ్ళకి మెయిల్‌లో రాసి పెట్టు. పిక్-అప్ ఆరు లోపల ఉంటే ముందు రోజు పుస్తకం తెరవబాక. ఒక అసైన్‌మెంట్ పోతే పోనీ, ఒక ఏడాది పోతే పోనీ. ఏ పొద్దునైనా నీకు నువ్వు బాగాలేదు అనిపిస్తే అన్‌ఫిట్ చెప్పు, ఎవరేమన్నా అనుకోనీ. ఏదన్నా తప్పు జరిగితే ఆ రోజే రిపోర్ట్ రాసెయ్, పక్కన కూర్చున్నోడు నా అంత వయసోడై వద్దన్నా రాసెయ్.

డిగ్రీ అడ్మిషన్లు ఎప్పుడో చూసి చెప్పు. మొదటి ఏడాది ఫీజు నేను వేస్తా. మీ నాయనకి ఇప్పుడే చెప్పబాక, మేత అప్పు ఇంకా ఉందంట, గుంట పట్టుబడి అయినాక నేనే నెమ్మదిగా చెప్తా.

మీ మామ
కావలి