ఎనుములా ఉంది కదా అని...

ప్రశ్న: మావాడు అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కుకు పోయి బైసన్ ఫొటో పంపాడు. అచ్చం మా ఎనుములాగే నెమ్మదిగా మేస్తోంది. దగ్గరికి పోతే ఏమన్నా చేస్తుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పోవద్దని ముందు ఫోన్ చేసి చెప్పండమ్మా! మన ఎనుమును అదిలించి తోలొచ్చు గానీ ఇది 900 కిలోల దాకా పెరిగే అడవి జంతువు, అంత బరువుతోనూ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఉరుకుతుంది, మీవాడు ఎంత పరుగెత్తినా లాభం లేదు. కనీసం 23 మీటర్లు ఎడంగా ఉండాలని అక్కడ రూలు. తోక చూడమనండి: కిందికి వేలాడుతుంటే ప్రశాంతంగా ఉన్నట్టు, నిటారుగా లేచిందంటే మీదికి రాబోతున్నట్టు. జులై, ఆగస్టుల్లో ఎద కాలం, మగవాటితో మరీ టెన్షన్. ఇక ఆ మూపురం ఉంది చూశారూ, అదంతా కండే, దాని బలంతోనే చలికాలంలో తలను అటూ ఇటూ ఊపి మంచును తోసేసి అడుగున ఉన్న గడ్డి మేస్తుంది.