పాఠకుల ప్రశ్నలు: కాకినాడ రేవు, రంగం ఓడలు, చందుర్తి చేలు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తర్వాత నాలుగేళ్ళుగా టీవీలో రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చే డాక్యుమెంటరీలు విడవకుండా చూస్తున్నాను. నార్మండీ, స్టాలిన్‌గ్రాడ్, పెర్ల్ హార్బర్ సంగతులు తారీకులతో సహా చెప్పగలను. ఆ దేశాలకు వెళ్ళి ఆ స్థలాలు చూసే స్తోమత గానీ, ఓపిక గానీ నాకు లేవు. ఆ యుద్ధానికీ మన గోదావరి జిల్లాలకూ ఏమైనా సంబంధం ఉందా? ఉంటే, చూడడానికి ఏమైనా మిగిలి ఉందా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అంబాజీపేట

జవాబు: మాస్టారూ, సంబంధం ఉంది. అది మీరు పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు ముందే చేరుకోగలిగినంత దగ్గరలో ఉంది. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాన్ విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆ విమానాలు ‘ర్యూజో’ అనే చిన్న విమానవాహక నౌక మీద నుంచి లేచి వచ్చినవి. అప్పటికి బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతిలో పడిపోయి నెల కూడా నిండలేదు. అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ జపాన్ చేతికి చిక్కి రెండు వారాలే అయింది. ముందురోజు, అంటే ఈస్టర్ ఆదివారం నాడు, పెర్ల్ హార్బర్ దాడిని నడిపించిన అడ్మిరల్ నగుమో తన నౌకాదళంతో కొలంబో మీద విరుచుకుపడ్డాడు. అదే సమయంలో ఒజావా అనే మరో అడ్మిరల్ బంగాళాఖాతంలోకి చొరబడి, మన తీరం పొడవునా తిరుగుతున్న సరుకు ఓడలను వేటాడి, కొద్ది రోజుల్లోనే 20కి పైగా ఓడలను ముంచివేశాడు. ‘ర్యూజో’ ఆయన దళంలోనిదే. మీరు టీవీలో చూసిన పెర్ల్ హార్బర్‌కూ మన కాకినాడ జగన్నాథపురం రేవుకూ మధ్య నాలుగు నెలలే తేడా అన్న మాట.

మరి ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఈ సంగతి మీకు టీవీలో ఎందుకు కనిపించలేదంటే, డాక్యుమెంటరీ తీసేవారికి ముందుగా కావలసింది బొమ్మ. కెమెరాలు ఎక్కడ ఉన్నాయో యుద్ధం అక్కడే జరిగినట్టు మనకు అనిపిస్తుంది. 1973లో బ్రిటన్‌లో మొదలై, ఈ రకం కార్యక్రమాలకు నేటికీ ఒరవడిగా నిలిచిన ‘ద వరల్డ్ ఎట్ వార్’లో 26 భాగాలు ఉంటే, బర్మాలో జరిగిన యుద్ధానికి దక్కినది ఒక్క భాగం. అయినా ఆ కార్యక్రమం అంటే నాకు గౌరవం. నటుల చేత యుద్ధం ఆడించకుండా, అసలు చిత్రాలనూ, ఆ రోజులు అనుభవించిన మనుషుల మాటలనూ నమ్ముకొని తీశారు. ఇప్పటి కార్యక్రమాలు చూసేటప్పుడు మీరు కూడా అసలు చిత్రాలనూ, నటుల చేత ఆడించినవాటినీ వేరుచేసి చూడడం అలవాటు చేసుకోండి. ఒక విమానం దూసుకొస్తున్న దృశ్యం తెర మీద కనిపించినంత మాత్రాన అది వ్యాఖ్యాత చెబుతున్న చోటిదీ, ఆ రోజుదీ కానక్కరలేదు.

ఇక చూడడానికి మిగిలినదేమిటి అన్నారు. కాకినాడలో ఉప్పుటేరు మీది జగన్నాథపురం వంతెన దగ్గర పొద్దుటిపూట కాసేపు నిలబడండి. ఇది పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేని రేవు. అవి దూరాన లోతు ఉన్నచోట లంగరు వేసుకొని ఉంటే, సరుకును పడవల్లో చేరవేసేవారు. అందుకే కాలువ పొడవునా గిడ్డంగులు లేచాయి. రేవుకు గోడలా అడ్డం పడుకున్న హోప్ ఐలాండ్ ఓడలకు అలల నుంచి రక్షణ ఇస్తుందే గానీ, ఆకాశం నుంచి ఇవ్వలేదు. కదలకుండా లంగరు మీద ఉన్న ఓడ పై నుంచి వచ్చే విమానానికి ఎలా కనిపిస్తుందో ఏ తెరా అవసరం లేకుండా అక్కడ అర్థమవుతుంది. ఆ తర్వాత వీలు చూసుకొని విశాఖపట్నం వెళ్ళండి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాటి జపాన్ బాంబు ఒకటి ఉంది. అదే రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది కానీ, అది 1971 యుద్ధం నాటి కథ.

అన్నిటికంటే ముందుగా మీరు చేయవలసిన పని మరొకటి ఉంది. తొంభై దాటిన పెద్దలను అడగండి. కాకినాడలో మా మేనత్త ఒకావిడ బాంబుల మాట ఎత్తగానే, ఇంట్లో ఆడవాళ్ళనూ పిల్లలనూ బండ్లు కట్టి పెద్దాపురం వైపు పంపించేశారని, దారిలో తనకు అట్లు పెట్టిన ఒక ముసలమ్మ చేతికి ఉన్న వెండి కడియం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉందని చెప్పేవారు. అయితే అదంతా నెలగంట పెట్టిన రోజుల్లో జరిగిందని పట్టుబట్టేవారు. బాంబులు పడింది చిత్రభాను నామ సంవత్సరం, ఉగాది వెళ్ళిన తర్వాత, చైత్ర బహుళంలో. ధనుర్మాసంలో బాంబులు పడింది రంగూన్ మీద, 1941 డిసెంబరు 23న. ఆ వార్త విని ఊరంతా వణికిన రోజులూ, నిజంగా బండ్లు కట్టిన రోజులూ ఆవిడ మనసులో ఒకటైపోయాయి. అంతమాత్రాన ఆవిడ చెప్పినది అబద్ధం కాదు. తారీకు కోసం ఆనాటి పత్రికలను చూడాలి, కడియం కోసం ఆవిడనే అడగాలి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి చోట పాత పత్రికలు చూడవచ్చు. కానీ యుద్ధకాలంలో పత్రికల మీద ఆంక్షలు ఉండేవని మరచిపోకుండా చదవాలి.

ప్రశ్న: మా ముత్తాతగారు ‘రంగం’లో, అంటే రంగూన్‌లో, రేవు పని చేసేవారని, యుద్ధంలో నడిచి ఇంటికి వచ్చారని మా ఇంట్లో చెప్పుకొంటారు. ఆయన తెచ్చిన లక్క తమలపాకుల పెట్టె ఒకటి ఉంది. అంత దూరం నిజంగా నడిచి రావడం సాధ్యమేనా? ఆ దారి చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?
— ఒక డిగ్రీ విద్యార్థిని, తాళ్ళరేవు

జవాబు: అమ్మా, మీ ఊరి పక్కనున్న కోరంగి పేరు మీదనే బర్మాలో తెలుగువారందరినీ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. కోరంగి పెద్ద రేవుగా ఉన్న రోజుల్లో ఇక్కడి ఓడలు అక్కడి దాకా వెళ్ళేవి. 1789లో ఒకసారి, 1839లో మరొకసారి ఉప్పెనలు వచ్చి ఆ రేవును దెబ్బతీసినా, పేరు మాత్రం రంగూన్ వీధుల్లో బతికింది. ఆ తర్వాత కాకినాడ నుంచి స్టీమర్లలో డెక్కు టికెట్టు మీద వెళ్ళిన మన కూలీలు రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశారు, మరమిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేసింది తెలుగు రేవు కూలీలే. సమ్మె ముగిసి వారు తిరిగి పనిలోకి వెళ్ళిన రోజున, మధ్యలో వారి బదులు పెట్టుకున్న బర్మా కూలీలతో మొదలైన ఘర్షణ నగరమంతా అల్లర్లుగా పాకింది. యుద్ధం రాకముందే వారి బతుకు అక్కడ నిశ్చింతగా లేదు.

1941 డిసెంబరులో బాంబులు పడగానే రేవు కూలీలు వేల సంఖ్యలో నగరం విడిచి పారిపోయారు. ఓడల్లో చోటు డబ్బున్నవారికి, పలుకుబడి ఉన్నవారికి దొరికింది. మిగిలినవారు నడిచారు. ఒక దారి ఐరావతి ఒడ్డున ఉన్న ప్రోమ్ నుంచి కొండలు దాటి టాంగుప్ మీదుగా అరకాన్ తీరానికి, అక్కడి నుంచి పడవల్లో అక్యాబుకు, చిట్టగాంగుకు. రెండో దారి ఉత్తరంగా వెళ్ళి, చింద్విన్ నది దాటి, తము మీదుగా మణిపూర్‌లోని పలేల్‌కు, అక్కడి నుంచి దీమాపూర్ రైలుస్టేషనుకు. మూడోది అన్నిటికంటే కష్టమైన హుకాంగ్ లోయ దారి. అందులో చిక్కినవారి మీద వానాకాలం విరుచుకుపడింది. మొత్తం మీద 4 నుంచి 5 లక్షల మంది భారతీయులు అలా తిరిగి వచ్చారని అంచనా. కలరా, మలేరియా, నీళ్ళు దొరకకపోవడం వల్ల వేలాది మంది దారిలోనే పోయారు. కాబట్టి మీ ముత్తాతగారి నడక సాధ్యమే. కొంత దూరం పడవలోనో రైలులోనో వచ్చి ఉన్నా, మీ ఇంట్లో చెప్పుకొనే మాటను అతిశయోక్తిగా తీసుకోకండి.

ఆయన ఏ దారిన వచ్చారో తెలుసుకోవడానికి ఒకే ఒక ప్రశ్న పనికివస్తుంది: ఇంటికి చేరే ముందు ఆయన ఎక్కిన రైలు ఎక్కడ ఎక్కారు? దీమాపూర్ పేరు వస్తే ఒక దారి, చిట్టగాంగు పేరు వస్తే మరొకటి. మీ తాతగారో, ఆయన అక్కచెల్లెళ్ళో ఉంటే, పెట్టె వారి చేతిలో పెట్టి మూత తీసి చూపించి అడగండి. ఉత్త ప్రశ్నకు రాని జవాబు ఒక్కోసారి వస్తువు చేతిలో ఉన్నప్పుడు వస్తుంది. పెట్టె అడుగున బర్మా అక్షరాలు ఉన్నాయేమో కూడా చూడండి. చేసినవారి గుర్తు కావచ్చు, ఫోటో తీసి ఉంచండి. పాలిష్ మాత్రం పెట్టించకండి.

ఆ దారి చివర చూడాలంటే మణిపూర్, నాగాలాండ్ వెళ్ళాలి. రెండు రాష్ట్రాలకూ ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి, అక్కడి పరిస్థితులు కనుక్కొని బయలుదేరాలి. 1942లో శరణార్థులు నడిచి వచ్చిన ఆ దారిలోనే రెండేళ్ళకు జపాన్ సైన్యం ఇంఫాల్ మీదికి వచ్చింది. 1944 ఏప్రిల్‌లో కొహిమాలో మొదలైన పోరు జూన్ దాకా సాగింది. కొహిమా యుద్ధ శ్మశానంలో సమాధులతో పాటు, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం ఉంది. నడిచి వస్తూ పోయిన కూలీలకు అలా పేరు పేరునా చెక్కిన రాళ్ళు లేవు. అందుకే, మీ ముత్తాతగారి పేరు, ఊరు, ఆయన చెప్పిన దారి ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టవలసిన బాధ్యత మీ మీదనే ఉందని నేను గట్టిగా అనుకొంటున్నాను.

ప్రశ్న: ఆదివారం ఒక్క రోజులో వెళ్ళి రాగలిగిన యుద్ధ చరిత్ర స్థలాలు చెప్పండి. నలుగురు మిత్రులం మోటారుసైకిళ్ళ మీద వెళతాం.
— ఒక ఉద్యోగి, తణుకు

జవాబు: మీకు అతి దగ్గరలో, తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. అందరూ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఇంటికొకరు చొప్పున సైన్యంలో చేరిన ఊరది. అక్కడి స్మారకం దగ్గర ఫోటోలు దిగి వచ్చేయకుండా, అరుగు మీద కూర్చున్న మాజీ సైనికుడెవరైనా కనిపిస్తే నమస్కారం పెట్టి కూర్చోండి. బర్మాలో పోయి ఆచూకీ తెలియని పూర్వీకుడు ఎవరింట్లోనైనా ఉన్నారని తెలిస్తే, కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో సైనికుడి పేరు, నంబరు పెట్టి వెతకవచ్చని వారికి చెప్పండి. రంగూన్ దగ్గర టాక్యాన్‌లోని స్మారకం మీద సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లు ఉన్నాయి.

మరో ఆదివారం గొల్లప్రోలు దగ్గర చందుర్తి వెళ్ళండి. 1758 డిసెంబరులో ఆంగ్లేయుల కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు ఒక వైపు, ఫ్రెంచి దళపతి కాన్‌ఫ్లాన్స్ మరో వైపు నిలిచి పోరాడారు. ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఫ్రెంచివారి చేయి జారిపోవడానికి దారి తీసిన పోరు ఇదే. ఆ తర్వాత సుమారు నాలుగు నెలలకు ఫోర్డ్ మచిలీపట్నం కోటను పట్టుకొన్నాడు. చందుర్తిలో కోట లేదు, బురుజు లేదు, చేలు మాత్రమే ఉన్నాయి. కానీ ఆ యుద్ధాన్ని మలుపు తిప్పింది చేనే. ఆంగ్లేయుల కొలువులోని మన సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కొని ఉండడం వల్ల, వారే తెల్ల సైనికులనుకొని ఫ్రెంచివారు వారి మీదికి వెళ్ళారు. అసలు తెల్ల దళం ఏపుగా పెరిగిన చేను చాటున ఉండిపోయి, పక్క నుంచి వచ్చి పడింది. కాబట్టి అక్కడికి ఎండాకాలంలో వెళ్ళకండి. పోరు జరిగిన నెలలోనే, డిసెంబరులో, చేలల్లో పైరు నిలిచి ఉన్నప్పుడు వెళ్ళి, మీలో ఒకరు గట్టు దిగి పైరు వెనక్కి నడవండి. ఎంత దూరం వెళితే మనిషి కనిపించకుండా పోతాడో మిగిలిన ముగ్గురూ రోడ్డు మీద నిలబడి చూడండి. రైతును అడిగి దిగండి.