హద్దు ఎవరిది?

నెల్లూరు

అమ్మాయీ,

కథ అందింది. పెళ్లింట్లో వంటల దగ్గర ఆడవాళ్ల మాటలు చాలా బాగా వచ్చాయి, వాటి జోలికి పోవద్దు. నా దిగులంతా ఒక్క మాట గురించే. బావ మరదలితో వేళాకోళమాడితే 'హద్దు మీరాడు' అన్నావు. కౌలురైతు ఆసామిని లెక్క అడిగితే 'హద్దు మీరాడు'. చివర్లో తండ్రి కోపానికీ అదే. మూడూ ఒకటి కాదమ్మా.

బావది శ్రుతి మించడం. తంబురా శ్రుతికి కలిపి పాడాల్సినవాడు కాస్త కాస్తగా జారిపోతే, పాట ఎక్కడ చెడిందో అతనికే తెలియదు. అందుకే 'శ్రుతి మించి రాగాన పడింది' అనే మాట, మొదట్లో అందరికీ ఇష్టమైన సరదాకే నప్పుతుంది. ముక్కూమొహం తెలియనివాడు బస్టాండులో నోరు పారేసుకుంటే అలా అనం. కాబట్టి ముందు మరదలు కూడా నవ్వాలి. తర్వాత ఆ నవ్వు తగ్గాలి. ఆపైన ఆమె విస్తరి ముందు నుంచి లేచిపోవాలి. నువ్వు మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పేశావు.

తండ్రి కోపం కట్టలు తెంచుకుంది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది కదా, ఆ నీళ్లన్నీ అక్కడ పుట్టినవి కావు. పైన కడప జిల్లాలో కురిసి, చెయ్యేరులో, పెన్నలో కలిసి, సోమశిల దాటి వచ్చాయి. ఆ తండ్రి కోపానికీ ఎగువ ఉండాలి, ముందు పేజీల్లో.

ఇక కౌలురైతు. హద్దు అంటే ముందు పొలం హద్దే, హద్దురాయే. ఆ రాయి ఎవరో ఒకరు పాతినదే. అతను న్యాయంగా తనకు రావాల్సింది అడిగాడు. అది హద్దు మీరడమని ఆసామికి అనిపిస్తుంది, కాబట్టి ఆ మాట ఆసామి నోటే రావాలి: "ఏందిరా, హద్దు మీరతా ఉండావే!" అని. కథ చెప్పే నువ్వే అంటే ఆసామి పక్కన నిలబడ్డట్టు. ఆ రైతు మీద నీకెంత ప్రేమో మిగతా కథలో తెలుస్తోంది, అందుకే నాకు బాధేసింది.

'లక్ష్మణరేఖ' కూడా తీసెయ్. వాల్మీకి రామాయణంలో ఆ గీతే లేదు, తర్వాతి కథల్లో చేరింది. ఆడపిల్ల గడప దాటినప్పుడల్లా దాన్ని వాడటం నాకు నచ్చదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు కౌలురైతు సీను తిరగరాసి తీసుకురా. ఆసామి అన్నన్ని మాటలకీ అతను ఏం బదులిస్తాడో చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ అత్త