మిషన్ మీద తొమ్మిది రోజులు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నాన్నకు 66 ఏళ్లు. జీడితోటలో పని చేస్తూ కూలిపోయారు. మెదడుకు ఎడమవైపు పెద్ద రక్తనాళం మూసుకుపోయిందన్నారు. తొమ్మిది రోజులుగా వెంటిలేటర్ మీదే ఉన్నారు. ఇప్పుడు గొంతుకు రంధ్రం చేయాలంటున్నారు. ‘మిషన్ పెట్టారంటే అయిపోయినట్టే, ఇంటికి తెచ్చేయండి’ అంటున్నారు బంధువులు. నర్సు గొట్టంలోంచి కఫం లాగినప్పుడు మాత్రం ఆయన దగ్గుతారు. బతుకుతారా, డాక్టర్ గారూ?

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది ఆ దగ్గు దగ్గరే. మెదడు చచ్చిపోయిన మనిషి దగ్గడు. ‘శవానికి గాలి కొడుతున్నారు’ అనే మాట విజయనగరం వార్డుల్లో నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. పక్షవాతంలో మిషన్ పెట్టేది చాలాసార్లు ఊపిరితిత్తులు చెడి కాదు. స్పృహ తగ్గితే నాలుక వెనక్కి జారుతుంది, ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని పెడతారు.

అలాగని తీపి మాటలు చెప్పను. పక్షవాతంతో వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లలో దాదాపు సగం మంది ఆసుపత్రి నుంచి ఇంటికి రారు. ఏడాది తిరిగేసరికి మిగిలేది మూడింట ఒక వంతు, అటూ ఇటూగా. మెదడు వాపు ముదిరే మొదటి ఐదు రోజులు మీ నాన్నగారు దాటారు. ఇక ముఖ్యమైన భయం నిమోనియా.

గొంతు రంధ్రం చివరి ఘట్టమేమీ కాదు. నోటి గొట్టంకన్నా రోగికి సుఖం, మత్తు మందు తగ్గించవచ్చు, కోలుకుంటే తీసేస్తారు. అయితే అది ప్రాణం పోయదు. జర్మనీ, అమెరికాల్లో 382 మందిపై జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదు రోజుల్లోపు చేసినవారికీ పది రోజుల దాకా ఆగినవారికీ ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సంతకం పెట్టే ముందు ఒక రోజు గడువు అడిగితే తప్పు లేదు.

మత్తు మందు ఆపి ఎన్ని గంటలైందో అడగండి. ఆపాక కళ్లు తెరుస్తున్నారా? ఎడమ మెదడు దెబ్బతింటే మాటలు అర్థం కాకపోవచ్చు. ‘చెయ్యెత్తు నాన్నా’ అంటే ఎత్తలేదని స్పృహే లేదనుకోకండి. ఆయన కళ్లెదుట మీ చెయ్యి ఎత్తి చూపించండి. ఎడమ చెయ్యి కదిలితే వెంటనే డాక్టరుకు చెప్పండి.

బతికినా కుడి చెయ్యి, మాట తిరిగి రాకపోవచ్చు. మంచం మీద ఒకరు చూసుకోవలసిన బతుకు ఆయనకు సమ్మతమేనా? ఆ మాట బంధువులను కాదు, మీ అమ్మగారిని అడగండి.