సిబిల్ రిపేర్‌కి 12 వేలు కట్టే ముందు: నేను 8 వేలు పోగొట్టుకుని తెలుసుకున్నది

అడిగినవారిది గుంటూరు. సిబిల్ స్కోర్ (అప్పులు ఎంత సరిగ్గా కడుతున్నామో చూసి ఇచ్చే మార్కు) 612, హౌస్ లోన్ ఆగిపోయింది. స్కోర్ రిపేర్ చేస్తామనే ఒక ఆఫీసు వాళ్ళు 60 రోజుల్లో 750కి తెస్తామని 12 వేలు ముందే కట్టమంటున్నారట, నమ్మొచ్చా అని ప్రశ్న.

కట్టకండి. మీ క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పుల చరిత్ర, మీరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవరకైనా ఆగండి.

నాది విజయవాడ, ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. 2024 మొదట్లో షాపు మీద లోన్ కోసం బ్యాంకుకి వెళ్తే మేనేజరు గారు స్క్రీన్ చూసి, "బైక్ లోన్ ఒకటి మధ్యలో ఆపేశారేంటండీ?" అన్నారు. నేను ఏనాడూ బైక్ లోన్ తీసుకోలేదు. నా బండి మా మామగారు పెళ్ళికి పెట్టింది. ఆ టెన్షన్‌లో ఇంటికొచ్చి, వేరే చోట దొరక్కపోతుందా అని వారంలో మూడు చోట్ల అప్లై చేశాను. అప్లై చేసిన ప్రతిసారీ రిపోర్టులో ఎంక్వైరీ పడుతుందనీ, వరసగా పడితే స్కోర్ ఇంకా దిగుతుందనీ అప్పటికి తెలీదు. మన రిపోర్టు మనం చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు. ఇది చాలామంది తిరగేసి చెప్తారు.

తర్వాత బెంజి సర్కిల్ దగ్గర ఇలాంటి ఆఫీసుకే ఒకదానికి వెళ్ళాను. ఏసీ, గాజు తలుపు, గోడ మీద 800 దాటిన స్కోర్ల ఫొటోలు. అడ్వాన్స్ 8 వేలు, పాన్, ఆధార్ జిరాక్సులు తీసుకున్నారు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కూడా అడిగి చెప్పించుకున్నారు. అదే నేను చేసిన పెద్ద తప్పు. రెండు నెలలు "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. సిబిల్ సైట్‌లో నేనే లాగిన్ అవుదామని చూస్తే అందులో ఉన్న మొబైల్ నంబరు నాది కాదు, వాళ్ళది. అది మార్పించుకోవడానికే పది రోజులు పట్టింది. వాళ్ళు చేసిన పనల్లా ఒక్కటే: ఉన్న ఖాతాలన్నింటి మీదా "ఇది తప్పు" అని నాలుగుసార్లు డిస్ప్యూట్ వేశారు. నేను నిజంగా ఆలస్యంగా కట్టిన క్రెడిట్ కార్డు మీద కూడా వేశారు. బ్యాంకు ప్రతిసారీ "సరిగ్గానే ఉంది" అని తిప్పి పంపింది.

అసలు సంగతి నాకు రిపోర్టులో అందరూ దాటేసే చోట దొరికింది, పేరూ చిరునామా ఉండే భాగంలో. పాన్ నాదే. చిరునామాలు మాత్రం నాలుగున్నాయి, అందులో ఒకటి మా ఊళ్ళో తాతగారి ఇంటి డోర్ నంబరు. ఫోన్ నంబర్లలో ఒకటి చూడగానే ఎక్కడో చూసినట్టనిపించి నా ఫోన్‌లో వెతికాను. మా పెదనాన్న కొడుకుది! మా ఇద్దరికీ తాతగారి పేరే పెట్టారు. ఇంటిపేరు ఒకటే, పుట్టిన సంవత్సరమూ ఒకటే. ఉగాదికి ఊరెళ్ళినప్పుడు అడిగితే వాడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఆ బండి నాదేరా, కరోనాలో ఉద్యోగం పోయాక కట్టలేకపోయా" అన్నాడు. ఆ పూట భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు లెండి.

విజయవాడ వచ్చి నేనే డిస్ప్యూట్ వేశాను, "ఈ ఖాతా నాది కాదు" అన్న ఆప్షన్‌తో. పైసా ఖర్చు లేదు. అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీకి పాన్, ఆధార్ కాపీలు పెట్టి విడిగా ఉత్తరం కూడా రాశాను. మూడు వారాల్లో ఆ ఖాతా పోయింది. నా కార్డు ఆలస్యాలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి నిజాలే కాబట్టి ఉంటాయి.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు నాలుగు. సిబిల్ అయినా, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అయినా తమంతట తాము ఒక్క అంకె మార్చలేవు. అప్పిచ్చినవాళ్ళు అవునంటేనే మారుతుంది. ఆ ఆఫీసు వాళ్ళకి మీకు లేని దారి వేరే ఏదీ లేదు. ఈ నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. నాలుగూ తీయండి, ఒకదాంట్లో లేని తప్పు ఇంకోదాంట్లో ఉండొచ్చు. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారి, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, దానికీ ఫీజు లేదు.

ఖాతాల పేజీలో నెలల గళ్ళు ఉంటాయి. 000 అంటే టైముకి కట్టారని, 030 అంటే 30 రోజులు ఆలస్యమని. 'సెటిల్డ్' అని ఉంటే సంబరపడకండి, తగ్గించి కట్టి వదిలించుకున్నారని దానర్థం. ఎలాగైనా ముగించెయ్యమని సెటిల్‌మెంట్ చేయించి కమీషన్ తీసుకునే ఏజెంట్లు ఉన్నారు, జాగ్రత్త. వీలుంటే మిగతా సొమ్ము కూడా కట్టేసి బాకీ ఏమీ లేదనే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, 'క్లోజ్డ్' అని మార్చమని బ్యాంకునే అడగండి. షూరిటీ సంతకాలు కూడా గుర్తు చేసుకోండి. మీ ఊరి మిర్చియార్డులో వ్యాపారం చేసే మా స్నేహితుడికి వాళ్ళ పార్ట్‌నర్ కట్టని లోనే అడ్డం పడింది, వీడు సంతకం పెట్టి మర్చిపోయాడు.

అయినా మనిషి సాయం కావాలనిపిస్తే తప్పేం లేదు. ఉత్తరాలు రాయడం, బ్యాంకు చుట్టూ తిరగడం అందరికీ కుదరదు. కానీ ముందు మీ రిపోర్టు చూసి "ఇవి తప్పులు, ఇవి మీరు చేసినవే, వీటిని నేను తీయలేను" అని ముఖాన చెప్పేవాళ్ళనే నమ్మండి. ఓటీపీ అడిగినా, స్కోర్ ఇంతకి తెస్తామని అంకె చెప్పినా లేచి వచ్చెయ్యండి. డబ్బు పనయ్యాకే ఇవ్వండి, అదీ బిల్లు ఇస్తేనే. డల్లాస్‌లో ఉండే మా మరదలు చెప్పింది, అమెరికాలో 1996లోనే చట్టం చేశారట, పని చేయకముందు ఇలాంటి కంపెనీలు డబ్బు తీసుకోకూడదని. మనం కనీసం మన జేబు వరకైనా ఆ చట్టం పెట్టుకోవచ్చు.

మీ 612లో ఖాతాల పేజీ ఏం చెప్తోందో నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. రాత్రి షాపు కట్టేశాక చూసి చెప్తాను.